బొమ్మకు కావలసిన చోటు

కాకుమాను, పొన్నూరు, బాపట్ల ప్రాంతాలలోని పాత ఇళ్ళలో వసారా గోడలకు, కాస్త ముందుకు వంగి వేలాడే పటాలు కనిపిస్తాయి. దేవుళ్ళ బొమ్మల పక్కనే ఇంటి పెద్దల ఛాయాచిత్రాలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఒకే ఒక్క ప్రతిగా మిగిలినవి. తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడి ఉంటుంది. నెగటివ్ ఏమైందో ఎవరికీ తెలియదు. తేమకు అంచులు పసుపెక్కి, ముఖం మీద మచ్చపడిన అటువంటి చిత్రాన్ని బాగు చేయించాలని ఇంటివారు దగ్గరలోని ఫోటో స్టూడియోకు తీసుకువెళతారు. నూటికి తొంభై పాళ్ళు ఆ పని ఇప్పుడు కుంచెతో జరగదు, కంప్యూటర్‌తో జరుగుతుంది.

పూర్వం స్టూడియోలలో టచింగ్ పనివారు ఉండేవారు. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీది లోపాలను పూడ్చేవారు. ప్రింటు మీద నీటిరంగులు అద్ది కనుబొమలను, చీర అంచులను తీర్చిదిద్దేవారు. వారి పనికి కావలసిన చోటు ఒక చిన్న బల్లంత. కంప్యూటర్ మీద అదే పని చేసేవారికి కూడా ఒక బల్ల ఉంది గాని, అది యంత్రం లోపల ఉండి కంటికి కనిపించదు. దాని వైశాల్యమెంతో, అది నిండితే ఏమవుతుందో తెలియకుండా పని మొదలుపెడితే గంటల తరబడి చేసిన శ్రమ ఒక్క క్షణంలో పోతుంది. పోయినది ఒక ప్రకటన బొమ్మ అయితే మళ్ళీ చేయవచ్చు. పెళ్ళి చిత్రాలు పోతే మాత్రం ఆ పెళ్ళిని మళ్ళీ జరిపించలేరు. మాఘమాసపు ముహూర్తాలలో నాలుగైదు పెళ్ళిళ్ళ చిత్రాలు ఒకే యంత్రంలో పేరుకుపోయి ఉన్నప్పుడు ఈ విషయం ఎంత ముఖ్యమో స్టూడియో నడిపేవారికి బాగా తెలుసు.

ఛాయాచిత్రాల సవరణకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో దీని తొలి రూపాన్ని రాయడం ప్రారంభించాడు. సినిమాలకు దృశ్యమాయలు కల్పించే సంస్థలో పనిచేస్తున్న అతని సోదరుడు జాన్ నోల్ అతనితో చేయి కలిపాడు. ఆ సోదరుల తండ్రికి ఇంటి నేలమాళిగలో సొంత డార్క్‌రూమ్ ఉండేది. చీకటి గదిలో చేసే పనులే తరువాత తెర మీదికి వచ్చాయన్నమాట. అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో దీనిని విడుదల చేసింది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007లో ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఫోటోషాప్ వెల భరించలేనివారికి జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 1996 నుంచి లభిస్తున్నది. ఇక్కడ వివరించే సూత్రాలు ఆ రెంటికీ సమానంగా వర్తిస్తాయి.

డిజిటల్ చిత్రం నేసిన గుడ్డ వంటిది. చీరాల మగ్గం మీద పడుగు, పేక కలిసే ప్రతి చోటా ఒక రంగు చుక్క ఏర్పడినట్లే, చిత్రం కూడా అడ్డంగా, నిలువుగా పేర్చిన రంగు చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కలను పిక్సెళ్ళు అంటారు. ఒక్కొక్క పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్ళు ఎంతెంతో చెప్పడానికి సాధారణంగా రంగుకు ఒకటి చొప్పున మూడు బైట్లు అవసరమవుతాయి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా తీసే చిత్రంలో అడ్డంగా 6,000, నిలువుగా 4,000 చొప్పున మొత్తం 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. కాబట్టి ఆ చిత్రానికి కావలసిన చోటు 7 కోట్ల 20 లక్షల బైట్లు, అనగా సుమారు 70 మెగాబైట్లు.

ఇక్కడ కొత్తగా నేర్చుకునేవారికి ఒక సందేహం కలుగుతుంది. అదే చిత్రం కెమెరా కార్డులో చూస్తే పది మెగాబైట్లకు అటూ ఇటూగా కనిపిస్తుంది. మిగిలినదంతా ఎక్కడినుంచి వచ్చింది? కార్డులో ఉన్నది జెపెగ్ రూపం. అది మడతపెట్టి పెట్టెలో సర్దిన చీర. అయిదున్నర గజాల చీర చిన్న పెట్టెలో పడుతుంది. కాని దాని మీద అద్దకం వేయాలంటే మడతలు విప్పి నిడివిగా పరచక తప్పదు. చిత్రాన్ని సవరించే సాఫ్ట్‌వేర్ చేసే మొదటి పని ఆ మడతలు విప్పడమే. కనుక బొమ్మకు చోటెంత కావాలన్న ప్రశ్నకు ఫైలు పరిమాణం చూసి సమాధానం చెప్పకూడదు. పిక్సెళ్ళను లెక్కపెట్టి చెప్పాలి. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లనే చాలామంది తమ యంత్రం ఎందుకు మొరాయిస్తున్నదో తెలియక ప్రోగ్రామును, కొన్నవారిని, చివరికి కరెంటును కూడా తిట్టుకుంటారు.

పరిచిన బొమ్మను యంత్రం ఎక్కడ ఉంచుతుందన్నది తరువాతి ప్రశ్న. కొమ్మమూరు కాలువ పారే కాకుమాను పరిసరాలలో వరి పండించే రైతుకు మూడు చోట్లు అవసరమని అందరికీ తెలిసిందే. నూర్పిడి చేయడానికి కళ్లం కావాలి. నూర్చేలోగా కోసిన పంటను కుప్ప వేసి ఉంచడానికి కొంత ఖాళీ చేను కావాలి. నూర్చి, తూర్పారపట్టిన ధాన్యాన్ని దాచడానికి గాదె కావాలి. కంప్యూటర్‌లో కళ్లం వంటిది ర్యామ్ అనే తాత్కాలిక స్మృతి. దీనినే వాడుకలో మెమరీ అంటారు. పని జరిగేది ఇక్కడే. గాదె వంటిది హార్డ్ డిస్క్ లేదా ఎస్.ఎస్.డి. సేవ్ చేసిన ఫైళ్ళు కరెంటు పోయినా అక్కడ పదిలంగా ఉంటాయి. కుప్పలు వేసే ఖాళీ చేను వంటి దానిని ఫోటోషాప్ పరిభాషలో స్క్రాచ్ డిస్క్ అంటారు. ఇది డిస్క్‌లోని ఖాళీ స్థలమే అయినా గాదె కాదు. మెమరీ చాలనప్పుడు సాఫ్ట్‌వేర్ తన సరుకును తాత్కాలికంగా దింపుకునే చోటు. పని ముగించి ఫోటోషాప్‌ను మూసివేయగానే అక్కడి సరుకు తుడిచిపెట్టుకుపోతుంది.

కళ్లం చిన్నదైతే నూర్పిడి ఆగదు గాని, కుప్పల చుట్టూ తిరగడంతోనే పొద్దు గడుస్తుంది. కంప్యూటర్‌లో ఆ తిరుగుడు ఎంత దూరమో అంకెలలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక్క చుట్టు పూర్తిచేయడానికి సెకనులో వెయ్యింట ఎనిమిది వంతులు పడుతుంది. చదివే ముల్లు సరియైన చోటికి చేరడానికి పట్టే కాలం దీనికి అదనం. రెండూ కలిపి స్థూలంగా సెకనులో నూరవ వంతు అనుకోవచ్చు. మెమరీ నుంచి సమాచారం అందుకోవడానికి పట్టే కాలమో, సెకనులో కోటవ వంతు మాత్రమే. అనగా మెమరీలోని వస్తువును తీసుకోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, హార్డ్ డిస్క్‌లోని వస్తువును తేవడానికి 27 గంటలకు పైగా పడుతుందన్నమాట. తిరిగే భాగాలేవీ లేని ఎస్.ఎస్.డి. ఈ దూరాన్ని వందల వంతున తగ్గించింది. అయినా అది మెమరీకి సాటి కాదు.

చిత్రాలను సవరించేటప్పుడు తెర మీద చిన్న ఇసుకగడియారమో, తిరిగే చక్రమో కనిపించి ఎంతకూ పోకపోవడానికి తరచుగా ఈ రాకపోకలే కారణం. ఫోటోషాప్ కిటికీ దిగువన ఎడమ మూలలో ఒక చిన్న సూచిక ఉంటుంది. దాని పక్కనున్న బాణం గుర్తును నొక్కి ఎఫిషియన్సీ అన్న పదాన్ని ఎన్నుకుంటే ఒక శాతం కనిపిస్తుంది. 100 శాతం అని ఉన్నంతసేపూ పనంతా మెమరీలోనే జరుగుతున్నదని అర్థం. అంకె పడిపోతున్నకొద్దీ సాఫ్ట్‌వేర్ స్క్రాచ్ డిస్క్ చుట్టూ తిరుగుతున్నదని గ్రహించాలి. కొత్త మెమరీ కొనాలా వద్దా అన్న ప్రశ్నకు దుకాణదారుని సలహా కంటే ఈ అంకె చెప్పే జవాబే నమ్మదగినది. వారం రోజులు తన మామూలు పని చేసుకుంటూ దానిని గమనించిన స్టూడియో యజమానికి అనవసరపు ఖర్చు తప్పుతుంది.

మెమరీ పంపకం విషయంలో ఒక పొరపాటు సర్వసాధారణం. ఎడిట్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ అన్న పుట తెరిస్తే, యంత్రంలోని మెమరీలో ఎంత భాగాన్ని ఫోటోషాప్‌కు కేటాయించాలో నిర్ణయించే వీలుంది. ఇటీవలి రూపాలలో అది మొదట 70 శాతంగా అమరి ఉంటుంది. ఎక్కువ ఇస్తే ఎక్కువ వేగం వస్తుందన్న ఆశతో కొందరు దానిని నూటికి నూరు చేస్తారు. ఫలితం తారుమారవుతుంది. విండోస్‌కు, ఫాంటు నడిపే ప్రోగ్రాముకు, పక్కన తెరిచి ఉన్న బ్రౌజర్‌కు కూడా మెమరీ కావాలి. వాటికి చోటు మిగలకపోతే విండోస్ తానే మెమరీలోని సరుకును డిస్క్‌లోకి తోసేయడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇద్దరు ఒకే ఇరుకు దారిలో ఎదురెదురుగా బండ్లు తోలినట్లవుతుంది. 85 శాతం దాటకుండా చూసుకోవడం మంచిది. మార్చిన ప్రతిసారీ ఫోటోషాప్‌ను మూసి మళ్ళీ తెరిస్తేనే కొత్త పంపకం అమలులోకి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక చిక్కు పాత యంత్రాలది. 32 బిట్ల పద్ధతిలో నడిచే ప్రోగ్రాము లెక్కపెట్టగలిగిన చిరునామాలు 429 కోట్లకు పైచిలుకు మాత్రమే. అంటే 4 గిగాబైట్ల మించి మెమరీ ఉన్నా దానికి ఉపయోగపడదు. ఫోటోషాప్ విండోస్‌లో 2008లోనూ, మాక్ యంత్రాలలో 2010లోనూ 64 బిట్ల రూపంలోకి మారింది. ఆ మార్పుకు ముందరి ప్రోగ్రామునో, 32 బిట్ల విండోస్‌నో అంటిపెట్టుకొని, యంత్రంలో మాత్రం 8 గిగాబైట్ల మెమరీ బిగించినవారు పొలం కొని గట్టు దాటని రైతు వంటివారు. ఇటీవలి ఫోటోషాప్ రూపాలకు అడోబీ సూచించే కనీస మెమరీ 8 గిగాబైట్లు. 16 ఉండడం మేలని ఆ సంస్థే చెబుతున్నది.

స్క్రాచ్ డిస్క్ అమరిక దీనికంటే సులువు గాని, నిర్లక్ష్యం చేసేవారే ఎక్కువ. మొదట ఫోటోషాప్ విండోస్ ఉన్న సి డ్రైవ్‌నే స్క్రాచ్ డిస్క్‌గా తీసుకుంటుంది. ఆ డ్రైవ్‌లోనే విండోస్, దాని తాత్కాలిక ఫైళ్ళు, డౌన్‌లోడ్లు, ఎవరో చూసి వదిలేసిన సినిమాలు నిండి ఉంటాయి. ఒకనాడు సరిగ్గా ఆల్బమ్ అప్పగించవలసిన పూట స్క్రాచ్ డిస్క్ నిండిపోయిందన్న సందేశం తెర మీదికి వస్తుంది. ఒక్కొక్కసారి ఫోటోషాప్ తెరుచుకోవడానికే నిరాకరిస్తుంది. అప్పుడు విండోస్ యంత్రంలో కంట్రోల్, ఆల్ట్ మీటలను కలిపి నొక్కి ఉంచి ఫోటోషాప్‌ను ప్రారంభిస్తే, స్క్రాచ్ డిస్క్‌ను మరొక డ్రైవ్‌కు మార్చుకునే చిన్న పెట్టె కనిపిస్తుంది. మధ్యలో ఆగిన పనికి మాత్రం ఎడిట్ మెనూలోని పర్జ్ అన్న ఆజ్ఞ కొంత చోటు ఖాళీ చేస్తుంది. అయితే దానితో వెనుకకు పోయే అవకాశం కూడా పోతుందని తెలుసుకొని వాడాలి.

స్క్రాచ్ డిస్క్‌కు విండోస్ లేని, వేగవంతమైన, వేరొక ఎస్.ఎస్.డి. ఉంటే అది ఉత్తమం. ఇక్కడ వేరొకటి అంటే వేరొక పరికరమని అర్థం. ఒకే హార్డ్ డిస్క్‌ను సి, డి, ఇ అని మూడు భాగాలు చేసి, డి భాగాన్ని స్క్రాచ్‌కు ఇచ్చినంత మాత్రాన వేగం రాదు. పేర్లు మూడైనా తిరిగే పళ్ళెం ఒక్కటే, చదివే ముల్లూ ఒక్కటే. ఉన్నది ఒక్క ఎస్.ఎస్.డి. మాత్రమే అయితే అన్నిటినీ దాని మీదనే ఉంచి, కనీసం 50 గిగాబైట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేటట్లు చూసుకోవడం మేలు. నెమ్మదిగా తిరిగే రెండవ హార్డ్ డిస్క్‌ను కేవలం వేరుగా ఉన్నదన్న కారణంతో స్క్రాచ్‌కు ఇవ్వడం తెలివైన పని కాదు. పెన్‌డ్రైవ్, కెమెరా కార్డు వంటివాటిని ఆ పనికి అసలే వాడకూడదు. కార్డులోని చిత్రాన్ని కార్డులోనే తెరిచి సవరించడం కూడా అపాయకరమే. ముందుగా డిస్క్‌లోకి కాపీ చేసుకొని తరువాతే ముట్టుకోవాలి.

చోటు తినే వాటిలో చాలామందికి తట్టనిది చరిత్ర. సవరణలో చేసిన ప్రతి మెట్టునూ ఫోటోషాప్ హిస్టరీ పేరుతో గుర్తుంచుకుంటుంది. పాత రూపాలలో 20 మెట్లు, కొత్తవాటిలో 50 మెట్లు వెనుకకు పోయే వీలు మొదటి అమరికలోనే ఉంటుంది. అయితే అన్ని మెట్లకూ ఒకే వెల కాదు. ఫోటోషాప్ చిత్రాన్ని చిన్న చిన్న పలకలుగా విభజించుకొని, మారిన పలకలను మాత్రమే కొత్తగా దాస్తుంది. తాతగారి చిత్రంలో చెంప మీది మచ్చను పూడిస్తే ఒకటి రెండు పలకలు మారతాయి. చిత్రమంతటికీ వెలుగు పెంచితే అన్ని పలకలూ మారి, పూర్తిగా మరొక ప్రతి దాచవలసి వస్తుంది. కాబట్టి పెద్ద చిత్రాలకు చిత్రమంతటినీ తాకే మార్పులు చేసేటప్పుడు మెట్ల సంఖ్యను తగ్గించుకోవాలి. పాత ఫోటోల మీద సన్నని కుంచెపని చేసేవారు మాత్రం ధారాళంగా పెంచుకోవచ్చు.

మండల స్థాయి స్టూడియోలలో ప్రధానంగా జరిగే మూడు పనులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లెక్కల ప్రయోజనం తెలుస్తుంది. మొదటిది పాత ఫోటోను బాగుచేయడం. రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల పొడవు గల చిత్రాన్ని అంగుళానికి 1,200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 86 లక్షల 40 వేల పిక్సెళ్ళు వస్తాయి. రంగుల సూక్ష్మభేదాలు నిలవడానికి రంగుకు రెండేసి బైట్లు వాడినా మొత్తం 5 కోట్ల 20 లక్షల బైట్లలోపే. దీనికి 8 గిగాబైట్ల మెమరీ ఉన్న సాధారణ యంత్రం చాలు. ఓపిక, చేతివాటం యంత్రం కంటే ముఖ్యమైన పని ఇది.

రెండవది పెళ్ళి ఆల్బమ్. అడుగు ఎత్తు, మూడడుగుల వెడల్పుతో విప్పుకునే పుట ఇప్పటి వాడుకలో ఉన్న కొలతలలో ఒకటి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఆ పుటలో 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెళ్ళు, 11 కోట్ల 66 లక్షల 40 వేల బైట్లు ఉంటాయి. ఒక్క పొరకు ఇది లెక్క. నేపథ్యానికి ఒక పొర, పూల అల్లికకు ఒకటి, తలంబ్రాల చిత్రానికి ఒకటి, జీలకర్ర బెల్లం చిత్రానికి ఒకటి, వధూవరుల పేర్లకు ఇంకొకటి చేరుతూ పోతాయి. దాని మీద చరిత్ర మెట్లు. ఒకేసారి రెండు మూడు పుటలు తెరిచి పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. ఈ పని చేసేవారికి 16 గిగాబైట్లు అవసరం, 32 ఉంటే సౌకర్యం. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఖరీదైన ప్రాసెసర్ మీద పెట్టేదాని కంటే మొదట మెమరీ మీద, ఆ తరువాత ఎస్.ఎస్.డి. మీద పెట్టడం వివేకం. మెమరీ పలకలను ఒకటిగా కాక, సమానమైన రెండు పలకలుగా బిగిస్తే రెండు దారుల్లో ఒకేసారి సరుకు నడుస్తుంది.

మూడవది ఫ్లెక్సీ. అంకెలను మీరినందువల్ల తిప్పలు పడేది ఇక్కడే. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున తయారుచేస్తే 14 కోట్ల 93 లక్షల పిక్సెళ్ళు అవుతాయి. ముద్రణకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో అది పొరకు సుమారు 60 కోట్ల బైట్లు. స్పష్టత తగ్గుతుందేమోనన్న భయంతో కొందరు ఆల్బమ్‌కు పెట్టినట్లే 300 పెడతారు. అప్పుడు పిక్సెళ్ళు 259 కోట్లు దాటి, ఒక్క పొరకే 1,036 కోట్ల బైట్లు, అనగా 10 గిగాబైట్లకు పైగా కావాలి. ఆ బొమ్మను సేవ్ చేయడం కూడా కుదరదు. ఫోటోషాప్ మామూలు రూపమైన పి.ఎస్.డి. ఫైలు 2 గిగాబైట్లను, ఏ వైపునైనా 30,000 పిక్సెళ్ళను మించరాదు. అంతకు మించిన చిత్రాలకు పి.ఎస్.బి. అనే వేరొక రూపం 2003 నుంచి ఉంది. రాత్రంతా కూర్చొని చేసిన బొమ్మను తెల్లవారుజామున సేవ్ చేయబోయి ఈ సంగతి తెలుసుకోవడం కంటే ముందే లెక్క వేసుకోవడం నయం.

పైగా ఆ స్పష్టత చూసేవారికి కనిపించేది కాదు. ఆరోగ్యంగా ఉన్న కన్ను విడివిడిగా గుర్తించగలిగిన అతిచిన్న కోణం సుమారు డిగ్రీలో 60వ వంతు. 20 అడుగుల దూరంలో నిలబడి చూసేవారికి అంగుళంలో 14వ వంతు కంటే చిన్న వివరం కనిపించదని దీనివల్ల తేలుతుంది. అంగుళానికి 72 చుక్కలంటేనే అవసరానికి అయిదు రెట్లు. రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్సీని ఎవరూ భూతద్దంతో చదవరు కదా! చిత్రం వాడే చోటును బట్టి కొలత నిర్ణయిస్తే, యంత్రం మీద ఖర్చు పెట్టకుండానే వేగం పెరుగుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా కళ్లం, కుప్పల సంగతి. గాదె సంగతి మిగిలింది. మెమరీకి ఒక గుణముంది. కరెంటు పోయిన మరుక్షణం అందులో ఉన్నదంతా పోతుంది. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళలో యు.పి.ఎస్. లేకుండా ఈ పనికి పూనుకోవడం సాహసం. ఫోటోషాప్ 2012 నుంచి పది నిమిషాలకొకసారి తనంత తానుగా కోలుకునే ప్రతిని దాచుకుంటున్నది. ఆ పది నిమిషాల మధ్య చేసిన పని మాత్రం పోతుంది. అందువల్ల ముఖ్యమైన ప్రతి దశలో కంట్రోల్, ఎస్ మీటలు నొక్కే అలవాటు చేతికి రావాలి. సేవ్ చేసేటప్పుడు కూడా పొరలు నిలిచే పి.ఎస్.డి. రూపంలోనే దాచుకోవాలి. జెపెగ్ రూపంలో తెరిచి, సవరించి, మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తుంటే ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. జెపెగ్‌ను ల్యాబ్‌కు పంపే తుది ప్రతికి మాత్రమే వాడాలి.

ఎంత మంచి డిస్క్ అయినా ఏదో ఒకనాడు చెడిపోయేదే. హార్డ్ డిస్క్ చెడేముందు తరచుగా టకటకమని శబ్దం చేసి హెచ్చరిస్తుంది. ఎస్.ఎస్.డి. ఆ హెచ్చరిక కూడా లేకుండా నిలిచిపోవచ్చు. కనుక పెళ్ళి చిత్రాలు కార్డు నుంచి దింపిన రోజునే రెండు వేరు వేరు డిస్కుల మీదికి చేరాలి. ఆ రెండూ సరిగా తెరుచుకుంటున్నాయని చూసిన తరువాతే కార్డును చెరపాలి. స్క్రాచ్‌కు వాడే డిస్క్‌ను భద్రపరిచే డిస్క్‌గా ఎంచుకోకూడదు. ఎడతెగకుండా రాస్తూ చెరుపుతూ ఉండే పరికరమే ముందుగా అరిగిపోతుంది.

రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే అవి రెండు ప్రతులు అనిపించుకోవు. ఈ తీరప్రాంతానికి ఆ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19న వచ్చిన పెనుతుపానులో ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. రేపల్లె, బాపట్ల తీరాలు కూడా దెబ్బతిన్నాయి. నీరు చొచ్చిన ఇళ్ళలో గోడ మీది పటాలు మనుషులతో పాటే పోయాయి. చనిపోయినవారి ముఖం చూసుకోవడానికి బంధువుల ఇంట్లో మరొక ఊళ్ళో ప్రతి ఉన్నవారికి మాత్రమే ఏదో ఒకటి మిగిలింది. అదే పద్ధతిలో స్టూడియోలో ఒక ప్రతి ఉంటే, ఇంకొకటి వేరే ఊళ్ళోనో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉండాలి. చిత్రం సొంతదారుకు ఆల్బమ్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చే ఆచారం ఈ దృష్టితో ఎంతో ఉపయోగకరం. అయితే పెన్‌డ్రైవ్‌ను ఏళ్ళ తరబడి సొరుగులో వదిలేస్తే అందులోని సమాచారం చెడిపోయే అవకాశం ఉందని, దానిని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలని ఆ ఇంటివారికి చెప్పి ఇవ్వాలి.

బాగుచేయడానికి వచ్చిన పాత ఫోటో విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. స్కాన్ చేసిన తొలి ప్రతిని మచ్చలతో, పగుళ్ళతో ఉన్నదున్నట్లుగా ఒక ఫైలుగా దాచి, సవరణ అంతా దాని నకలు మీదనే చేయాలి. సవరించినవారు మచ్చ అనుకొని తుడిచినది తాతగారి చెంప మీది పుట్టుమచ్చ కావచ్చు. ఆయనను కళ్ళారా చూసినవారు ఎవరో వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు వెనుకకు తిరిగి చూడడానికి ఆ తొలి ప్రతి ఉండాలి. అది ఆక్రమించేది డిస్క్‌లో 50 మెగాబైట్ల చోటు మాత్రమే.